ఇంకో ఏడాది అనుకుని ఆగిపోయిన మన్‌ఫూహా కవి

రియాద్‌లో కొంతకాలం ఉన్న మనవాళ్ళలో మన్‌ఫూహా పేరు వినని వాళ్ళు తక్కువ. బత్హా నుంచి దక్షిణం వైపు వెళ్తే వస్తుంది. పాత ఇళ్ళు, ఇరుకు సందులు, ఒక్కో గదిలో సర్దుకుని బతికే రకరకాల దేశాల కార్మికులు... ఇదీ మనకు తెలిసిన మన్‌ఫూహా. ఆ పేటలో ఒక వీధి పేరు షారె అల్ ఆషా. అంటే ఆషా వీధి. 2025 రంజాన్ నెలలో ఎంబీసీ టీవీలో ఇదే పేరుతో ఒక సీరియల్ వచ్చింది. సౌదీ రచయిత్రి బద్రియా అల్ బిష్ర్ నవల ఆధారంగా తీసిన ఆ సీరియల్‌లో 1970ల నాటి రియాద్ కనిపిస్తుంది. దాన్ని చూసినవాళ్ళు మనలో కూడా ఉన్నారు.

సీరియల్‌కి వీధి పేరు పెట్టారు సరే, మరి ఆ వీధికి ఎవరి పేరు పెట్టారు? అడిగితే చాలామంది ఎవరో పాత కవి అంటారు. ఆయన మామూలు కవి కాదు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందట ఇదే మన్‌ఫూహాలో బతికి, ఇక్కడే కన్నుమూసిన మహాకవి. అరబ్బీ భాషలో ద్రాక్షసారా గురించి, దాని రంగు రుచి వాసనల గురించి, దానితో ఏం తినాలన్న దాని గురించి ఆయనంత ఇష్టంగా చెప్పినవాళ్ళు ఆ కాలంలో అరుదు. ఇవాళ మందు ముట్టుకుంటే జైలుకు పోయే ఈ నేల మీద ఒకప్పుడు అలాంటి మనిషి తిరిగాడంటే వింతగానే ఉంటుంది. కానీ మేము ఆయన కథ చెప్పడానికి కారణం ఆ వింత ఒక్కటే కాదు. ఆయన కూడా మనలాగే పొట్ట చేత పట్టుకుని దేశాలు తిరిగిన మనిషి. చివరికి ఇంకో ఏడాది అన్న ఒక్క మాట దగ్గర ఆయన జీవితం ఆగిపోయింది. ఆ మాట మనకూ బాగా అలవాటైన మాటే.

చూపు తక్కువ, పేరు ఎక్కువ

ఆయన అసలు పేరు మైమూన్ బిన్ ఖైస్. బక్ర్ బిన్ వాయిల్ అనే పెద్ద తెగలో ఖైస్ బిన్ సాలబా శాఖకు చెందినవాడు. క్రీ.శ. 570కి అటూ ఇటూగా పుట్టాడని అంచనా. అప్పట్లో రియాద్ అనే పేరే లేదు. ఈ ప్రాంతాన్ని యమామా అనేవాళ్ళు. వాదీ హనీఫా లోయ పొడవునా ఖర్జూరం తోటలు, చిన్న చిన్న ఊళ్ళు ఉండేవి. వాటిలో ఒకటి మన్‌ఫూహా.

ఆషా అంటే చూపు సరిగా లేనివాడు, రేచీకటి ఉన్నవాడు అని అర్థం. పుట్టిన పేరు కంటే ఈ పేరే నిలిచిపోయింది. ఇదే పేరున్న కవులు అరబ్బుల్లో చాలామంది ఉన్నారు కాబట్టి ఈయన్ని పెద్ద ఆషా అంటారు. ఇంకో తమాషా ఏంటంటే ఆయన్ని అబూ బసీర్ అని కూడా పిలిచేవాళ్ళు. బసీర్ అంటే చక్కగా చూడగలవాడు. చూపు లేనివాణ్ణి నేరుగా ఆ మాట అనకుండా ఇలా మర్యాదగా పిలవడం అరబ్బుల పద్ధతి. ముసలితనంలో ఆయనకు ఉన్న కాస్త చూపూ పోయిందంటారు.

తండ్రి కథ మరీ విషాదం. ఎండదెబ్బ తప్పించుకోవడానికి కొండ గుహలోకి వెళ్తే పైనుంచి బండరాయి జారి గుహ నోరు మూసుకుపోయిందట. లోపలే ఆకలితో చనిపోయాడు. అప్పటినుంచి ఆయన్ని ఆకలి చంపినవాడు అనే పేరుతోనే గుర్తు పెట్టుకున్నారు. కొడుకు మేనమామ దగ్గర చేరాడు. ఆ మేనమామ ముసయ్యబ్ బిన్ అలస్ పేరున్న కవి. అప్పట్లో కవిత్వాన్ని కాగితం మీద రాసేవాళ్ళు కాదు. గురువు చెప్పిన పద్యాలన్నీ నోటికి పట్టి, ఊరూరా వినిపించే శిష్యుడు ఒకడుండేవాడు. వాణ్ణి రావీ అంటారు. మేనమామకు రావీగా ఉంటూనే మైమూన్ పని నేర్చుకున్నాడు. మన దగ్గర మేస్త్రీ కింద చేరి పని నేర్చుకోవడం లాంటిదే.

మాటే పెట్టుబడి

పని నేర్చుకున్నాక ఆయన ఊళ్ళో కూర్చోలేదు. ఒంటె ఎక్కి బయల్దేరాడు. ఇరాక్‌లో హీరా రాజుల దగ్గరికి, యెమెన్ దొరల దగ్గరికి, హద్రమౌత్‌లో కిందా తెగ నాయకుడు ఖైస్ బిన్ మాదికరిబ్ దగ్గరికి, నజ్రాన్‌లోని క్రైస్తవ పెద్దల దగ్గరికి తిరిగాడు. సొంత ప్రాంతమైన యమామా పాలకుడు హౌదా బిన్ అలీని కూడా పొగిడాడు. మన శ్రీనాథుడు కొండవీడు మొదలుకొని రాజమహేంద్రవరం దాకా ఆస్థానాలు తిరిగినట్టే ఇదీ. ఒంటెలు, బట్టలు, వెండి నాణేలు, ఏది ఇస్తే అది తీసుకున్నాడు. కవిత్వాన్ని బతుకుతెరువుగా చేసుకున్న మొదటి అరబ్బు కవి ఈయనే అని పాత విమర్శకులు కొందరు కాస్త ఎత్తిపొడుపుగానే రాశారు. కవి చెయ్యి చాచకూడదని వాళ్ళ బాధ. కానీ ఆకలితో తండ్రిని పోగొట్టుకున్నవాడు కూలి అడిగితే తప్పేముంది?

ఆయన పద్యం పాటలా మోగేదట. అందుకే అరబ్బుల తాళం అని బిరుదు ఇచ్చారు. తాయిఫ్ దగ్గర ఉకాజ్ అనే చోట ఏటా పెద్ద సంత జరిగేది. మన జాతరల్లాగే సరుకు అమ్మకాలు, పంచాయితీలు, పెళ్ళి మాటలు, అన్నీ అక్కడే. కవుల పోటీలూ అక్కడే. నాబిఘా అనే పెద్ద కవి ఎర్రని తోలు గుడారంలో కూర్చుని తీర్పు చెప్పేవాడు. ఒకసారి ఆషా, హస్సాన్, కవయిత్రి ఖన్సా ముగ్గురూ పద్యాలు చదివితే మొదటి స్థానం ఆషాకే దక్కింది. ఆ ఉకాజ్ సంతను సౌదీ ప్రభుత్వం 2007లో పండుగలాగా మళ్ళీ మొదలుపెట్టింది.

పారశీక చక్రవర్తి దాకా ఆయన పేరు పోయింది. దానిమీద ఒక సరదా కథ ఉంది. రాత్రంతా నిద్ర పట్టకపోవడం మీద ఆషా చెప్పిన పద్యాన్ని చక్రవర్తికి తర్జుమా చేసి వినిపించారట. జబ్బూ లేదు, ప్రేమా లేదు, అయినా నిద్రపోకుండా రాత్రంతా మేలుకుని ఉన్నాడంటే వీడు దొంగ అయి ఉండాలి అని చక్రవర్తి తేల్చేశాడట. తర్జుమాలో కవిత్వం ఏమైపోతుందో చెప్పడానికి అరబ్బులు ఇప్పటికీ ఈ కథ చెప్పుకుంటారు.

ఏ ఊరి ద్రాక్షకు ఆ రుచి

ఇన్ని ఊళ్ళు తిరిగిన మనిషి ప్రతి ఊరి తాగుడూ రుచి చూశాడు. అప్పటి అరేబియాలో ద్రాక్ష అన్నిచోట్లా పండేది కాదు. తాయిఫ్ కొండల్లో, యెమెన్ ఎత్తుల్లో బాగా పండేది. ఇంకా మంచి సరుకు కావాలంటే షామ్ నుంచి, ఇరాక్ నుంచి ఒంటెల మీద రావాలి. ఖర్జూరం మాత్రమే ఉన్న ఊళ్ళలో పచ్చి కాయల్ని నలగ్గొట్టి, నీళ్ళలో నానేసి పులియబెట్టేవాళ్ళు. దాన్ని ఫదీఖ్ అనేవాళ్ళు. ఇది పేదవాడి తాగుడు. ద్రాక్షసారా డబ్బున్నవాడి వైభవం.

మనం కాకినాడ కాజా అనీ, ఆత్రేయపురం పూతరేకులు అనీ, బందరు లడ్డు అనీ ఊరి పేరుతోనే సరుకు చెప్పుకుంటాం కదా. ఆ కాలపు కవులు కూడా అంతే. సిరియాలోని అందరీన్ సరుకు అని ఒకరు, జోర్డాన్ వైపు బైత్ రాస్ సరుకు అని ఇంకొకరు పద్యాల్లో చెప్పారు. మన ఆషా ఇరాక్‌లోని బాబిలోన్ సరుకును మెచ్చుకున్నాడు. కస్తూరి కలిసినట్టుండే దాని వాసన గురించి చెప్పాడు. ఆయనకు యెమెన్‌లోని అథాఫిత్ అనే ఊళ్ళో ద్రాక్ష పిండే తొట్టి ఉండేదనీ, ఆ ఊరివాళ్ళు తమ పంటలోంచి ఆయనకిచ్చిన ద్రాక్షను అక్కడ పిండించుకునేవాడనీ పదో శతాబ్దపు యెమెన్ పండితుడు హమ్దానీ రాశాడు. పద్యానికి కూలిగా ద్రాక్షపళ్ళు కూడా తీసుకున్నాడన్నమాట.

హీరా పట్నంలో సారా అమ్మేవాళ్ళు ఎక్కువగా క్రైస్తవులు. వాళ్ళ దగ్గర కొనడానికి తరచూ వెళ్ళడం వల్లే వాళ్ళ మతం మాటలు కొన్ని ఆయన పద్యాల్లోకి వచ్చాయని పాతవాళ్ళు రాశారు. సరుకు మేకతోలు తిత్తుల్లో, తారులాంటి జిగురు పూసిన పెద్ద కుండల్లో వచ్చేది. చిక్కగా ఉండేది కాబట్టి గుడ్డతో వడగట్టి, నీళ్ళు కలుపుకుని తాగేవాళ్ళు. అంగడి తెరిచి ఉందని తెలియడానికి గుడారం మీద జెండా ఎగరేసేవాళ్ళు. సరుకు అయిపోతే జెండా దింపేసేవాళ్ళు.

ఆషా పద్యాల్లో ఒకదాంట్లో బేరం సంగతి మొత్తం ఉంది. తెల్లారి కోడి కూయకముందే స్నేహితులతో కలిసి అంగడికి పోతాడు. కుండ చూపించి, దీనికి ఒక ఆడ ఒంటెను ఇస్తాను అంటాడు. అంగడివాడు ఒప్పుకోడు, ఇంకా పైన కావాలంటాడు. చివరికి వెండి నాణేలు ఇస్తే చీకట్లో దీపం వెలిగించి ఒక్కొక్కటీ మంచిదో చెల్లనిదో పరీక్ష చేస్తాడు. కవికి చిరాకు. మా డబ్బు అంతా మంచిదే, ఊరికే ఆలస్యం చెయ్యకు అన్నట్టు తొందరపెడతాడు. మన బఖాలావాడు ఐదొందల రియాళ్ళ నోటును వెలుతురులో పెట్టి చూస్తుంటే వెనక లైన్లో నిలబడ్డవాళ్ళకు ఎలా ఉంటుందో, అచ్చం అదే. ఒక కుండ సారాకు ఒక ఒంటె అంటే, ఇవాళ్టి లెక్కలో నెల జీతం కంటే ఎక్కువే. దొరికిన సంపాదన ఎక్కడికి పోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాల్చిన మాంసం, పుల్లటి సారా, రీహాన్ కొమ్మ

ఊరికే తాగే మనిషి కాదు ఆషా. పక్కన ఏముండాలో ఆయనకు లెక్క ఉంది. అరబ్బీలో అత్యంత ప్రసిద్ధమైన పాత దీర్ఘకవితల్ని ముఅల్లఖాలు అంటారు. వాటిలో ఆషాది కూడా చేర్చి లెక్కపెట్టేవాళ్ళున్నారు. ఆ కవితలో ఆయన పొద్దున్నే సారా అంగడికి బయల్దేరుతుంటే వెనకాలే మాంసం కాల్చేవాడు ఒకడు పరుగులాంటి నడకతో వస్తుంటాడు. ఆ కాల్చేవాణ్ణి వర్ణిస్తూ షకారం ఉన్న మాటల్ని వరసగా పేర్చేశాడు కవి. వింటుంటే నిప్పుల మీద కొవ్వు చిటపటలాడినట్టు ఉంటుంది. అంగట్లో చేరాక కాస్త పుల్లగా ఉండే సారా, చేతి నుంచి చేతికి మారే రీహాన్ కొమ్మలు, దిండుకు ఆనుకుని కూర్చున్న స్నేహితులు, పాట, తంబుర లాంటి వాయిద్యం... అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. రీహాన్ అంటే మన తులసి జాతి మొక్కే.

ఈ జోడింపులో ఒక తెలివి ఉంది. కొవ్వున్న మాంసం తింటే నోట్లో జిడ్డు పేరుకుంటుంది. పులుపు ఆ జిడ్డును విరిచి, తర్వాతి ముక్కకు నాలుకను సిద్ధం చేస్తుంది. ఇది సారాకే పరిమితమైన సూత్రం కాదు. మనం మటన్‌లో గోంగూర వేసేదీ, చింతచిగురు వేసేదీ ఇందుకే. ఇక్కడ కబ్సా మీద నిమ్మకాయ పిండుకుని, టమాటా దక్కూస్ నంజుకుని, పక్కన చల్లటి లబన్ తాగేదీ ఇందుకే. కరీంనగర్, నిజామాబాద్ వైపు మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున దింపిన ఈతకల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుపు తిరుగుతుంది. ఆ పులుపుకు గుడాలు, వేయించిన బోటి సరిగ్గా కుదురుతాయి. ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో నాలుక మీద వేసుకుని చెప్పగల పెద్దమనుషులు మన ఊళ్ళలో ఉండేవాళ్ళు. ఆషా అలాంటి నాలుక ఉన్నవాడు.

వాసన కూడా ఆయనకు ముఖ్యమే. ఇంకో పద్యంలో తాగే చోట చుట్టూ ఉన్న పూలూ ఆకులూ పేరుపేరునా చెప్పాడు. నర్గిస్, మల్లెజాతి యాసమీన్, లిల్లీ, మరువం... వాటిలో చాలా పేర్లు పారశీక మాటలు. వాయిద్యాల పేర్లు కూడా అంతే. పరాయి దేశాలు తిరిగి వచ్చినవాడి నోట ఆ దేశాల మాటలు వస్తాయి. మనవాళ్ళు సెలవుకు ఇంటికి పోయినప్పుడు నోటి నుంచి ఖల్లీవల్లీ, మాఫీ ముష్కిల్ ఊడిపడినట్టే. ఆ పారశీక మాటల్ని పట్టుకునే ఆయన ఎంత దూరం తిరిగాడో పండితులు లెక్కలు కడుతుంటారు.

ఒక్క ఒంటె, ఇంటినిండా ఆడపిల్లలు

ఆషా జీవితంలో మనవాళ్ళ మనసుకు బాగా ఎక్కే ఘట్టం ముహల్లఖ్ కథ. ముహల్లఖ్ కిలాబ్ తెగవాడు. చిన్నప్పుడు గుర్రం కరిస్తే చెంప మీద ఉంగరంలాంటి మచ్చ పడిందట, అందుకే ఆ పేరు. బాగా బీదవాడు. ఇంటినిండా పెళ్ళికాని ఆడపిల్లలు. ముగ్గురు అని ఒక కథనం, ఎనిమిదిమంది అని ఇంకో కథనం. కూతుళ్ళని కొందరు, అక్కచెల్లెళ్ళని కొందరు అంటారు. ఎవరైతేనేం, ఆ ఇంటి గుమ్మం తొక్కి పిల్లనడిగేవాడు లేడు.

ఆషా ఆ దారిన వచ్చాడని తెలిసి ఇంట్లో ఆడవాళ్ళు ముహల్లఖ్‌కి నచ్చజెప్పారు. ఆయన ఎవర్ని పొగిడితే వాళ్ళ పేరు మారుమోగుతుంది, ఉన్నదేదో ఇచ్చి మర్యాద చెయ్యి అన్నారు. ఉన్నది ఒకే ఒక్క ఒంటె. దాంతోపాటు తండ్రి వదిలిపోయిన రెండు చారల దుప్పట్లు. సారా కొనడానికి డబ్బు లేదు. వర్తకుడి దగ్గర ఒక తిత్తి అప్పు చేశాడు. అంతలో ఆషా వెళ్ళిపోయాడు. అయినా వదల్లేదు. మనిషినిచ్చి వెనకాలే పంపాడు. ఆ మనిషి నడిచి నడిచి మన్‌ఫూహాలో ఆషా ఇంటికి చేరేసరికి అక్కడ కవి చుట్టూ కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆరోజు వాళ్ళకు మాంసం లేని భోజనం, తాగడానికి ఖర్జూరం ఫదీఖ్. గొప్ప కవి ఇంట్లో కూడా రోజూ పండగ కాదన్నమాట.

అప్పుడు వచ్చింది ఒంటె. వెంటనే కోసి, మూపురమూ కాలేయమూ తీసి నిప్పుల మీద కాల్చారు. ఎడారివాళ్ళకు ఒంటెలో అంతకు మించిన ముక్క లేదు. మూపురమంతా కొవ్వు, నోట్లో వేస్తే కరిగిపోతుంది. దాంతోపాటు అప్పు తెచ్చిన ద్రాక్షసారా. కడుపు నిండాక ఆషా మనసు కరిగింది. తర్వాత ఉకాజ్ సంతలో, అన్ని తెగలవాళ్ళూ కూడిన చోట, ముహల్లఖ్ మీద పద్యం చదివాడు. చలిరాత్రి బాటసారుల కోసం ఎత్తైన చోట మంట వేసి పిలిచే దాతగా అతన్ని నిలబెట్టాడు. ఇంకో కథనంలో ముహల్లఖ్ దారిలోనే కవి ఒంటె కళ్ళెం పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి విందు చేశాడనీ, ఆడపిల్లలు చుట్టూ చేరి సేవ చేస్తుంటే వీళ్ళెవరని ఆషా అడిగి తెలుసుకున్నాడనీ ఉంది. ఏ కథనంలోనైనా ముగింపు ఒక్కటే. ఆ సంత ముగిసేసరికి పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు ముహల్లఖ్‌తో వియ్యానికి వచ్చారు. ఆడపిల్లలందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి.

చెల్లెలి పెళ్ళి కోసం, కూతురి పెళ్ళి కోసం అప్పు చేసి విమానం ఎక్కినవాళ్ళకు ఈ కథ వేరే విప్పి చెప్పక్కర్లేదు. ఒకే ఒక్క ఒంటెను కోసేటప్పుడు ముహల్లఖ్ గుండె ఎంత కొట్టుకుందో మనకు తెలుసు. పొలం తాకట్టు పెట్టి ఏజెంటుకు డబ్బు కట్టేటప్పుడు మన గుండె అంతే కొట్టుకుంది.

ఆషా కూడా ఒకసారి చిక్కుల్లో పడ్డాడు. ప్రయాణంలో శత్రువు చేతికి చిక్కితే, అతను ఇతనెవరో తెలియకుండానే బందీల్లో కలిపేశాడు. ఆ మనిషి ఉత్తరాన తైమాలో షురైహ్ అనే దొర ఇంట్లో బస చేశాడు. షురైహ్ తండ్రి సమౌఅల్ మాట నిలబెట్టుకోవడానికి కొడుకునే పోగొట్టుకున్న మనిషిగా అరబ్బుల్లో పేరున్నవాడు. బందీగా ఉన్న ఆషా ఆ తండ్రి కథను పద్యంగా అల్లి వినిపించి, కొడుకును సాయం అడిగాడు. షురైహ్ అతిథిని అడిగి ఆ బందీని కానుకగా తీసుకుని, ఒంటెనిచ్చి పంపేశాడు. కాగితాలూ పలుకుబడీ లేని చోట నోటిమాటే ఆయన్ని విడిపించింది.

వంద ఒంటెలు, ఒక్క ఏడాది

ఆషా ముసలివాడయ్యేనాటికి మక్కాలో, తర్వాత మదీనాలో మహమ్మద్ ప్రవక్త బోధనలు మొదలయ్యాయి. ఆ వార్త యమామాకూ చేరింది. ఆషా ప్రవక్త మీద ఒక కవిత అల్లుకుని, ఇస్లాం స్వీకరిద్దామని బయల్దేరాడు. ఈ ప్రయాణాన్ని పాత గ్రంథాలు రెండు మూడు రకాలుగా చెబుతాయి. ఎక్కువగా వినిపించేది ఇది.

దారిలో ఖురైష్ పెద్దలకు విషయం తెలిసింది. ఇంత పెద్ద కవి నోటి నుంచి ప్రవక్త పొగడ్త వస్తే అరేబియా అంతా పాకిపోతుందని వాళ్ళ భయం. వాళ్ళ నాయకుడు అబూ సుఫ్యాన్ ఎదురొచ్చి మాట్లాడాడు. నువ్వు చేరబోయే మతంలో ఫలానా ఫలానావి నిషేధం అంటూ ఒక్కొక్కటే చెప్పాడు. వ్యభిచారం అంటే, నాకు వయసైపోయింది, అదే నన్ను వదిలేసింది అన్నాడు ఆషా. జూదం అంటే, దాని బదులు అక్కడ ఇంకేదైనా మంచిది దొరుకుతుందిలే అన్నాడు. వడ్డీ అంటే, నేను ఎవరికీ ఇచ్చిందీ లేదు, తీసుకున్నదీ లేదు అన్నాడు. చివరికి సారా అన్నాడు అబూ సుఫ్యాన్. అక్కడ కవి ఆగిపోయాడు. ఇంట్లో తొట్టిలో మిగిలిన సరుకు గుర్తొచ్చింది.

అప్పుడు బేరం కుదిరింది. వంద ఒంటెలు ఇస్తాం, ఈ ఏడాదికి ఇంటికి వెళ్ళు, ఏడాది తర్వాత పరిస్థితి చూసి నీ ఇష్టం అన్నారు. ఆషా లెక్క వేసుకున్నాడు. వంద ఒంటెలు వస్తాయి, తొట్టిలో ఉన్నది తాగొచ్చు, వచ్చే ఏడాది ఎలాగూ పోవచ్చు. వెనక్కి తిరిగాడు. మన్‌ఫూహా దగ్గరికి వచ్చేసరికి ఒంటె మీంచి పడ్డాడు. అక్కడే ప్రాణం పోయింది. 625 అని కొందరు, 629 అని కొందరు లెక్కకట్టారు. సారా నిషేధం ఎప్పుడు వచ్చింది, ఈ ప్రయాణం ఎప్పుడు జరిగింది అన్న తేదీల దగ్గర చిక్కులున్నాయని పాత పండితులే రాశారు. కథ పూర్తిగా ఇలాగే జరిగిందా అంటే వాదించుకోవచ్చు. కానీ ఈ కథ ఇన్ని వందల ఏళ్ళు జనం నోట నిలిచిందంటే, అందులో మనిషి స్వభావం ఉండబట్టే.

మాట మిగిలింది, సరుకు మారింది

ఆషా పోయాక కూడా కుర్రాళ్ళు చాలాకాలం ఆయన్ని మర్చిపోలేదు. మన్‌ఫూహాలో ఆయన సమాధి దగ్గర కూర్చుని తాగి, గిన్నెలో అడుగున మిగిలింది సమాధి మీద పోసేవాళ్ళట. ఆ మట్టి తడిగా ఉండేదని పాత కథల సంపుటం కితాబ్ అల్ అఘానీలో ఉంది. ఆయన కవితలన్నీ కూర్చి జర్మన్ మాట్లాడే పండితుడు రుడాల్ఫ్ గేయర్ 1928లో లండన్‌లో అచ్చు వేయించాడు.

ఇంకో వింత. ఆషా తన కవితల్లో సారాకు వాడిన పేర్లలో ఒకటి ఖహ్వా. అవును, మన ఆఫీసుల్లో, కఫీల్ ఇంటి మజ్లిస్‌లో చిన్న పింగాణీ కప్పుల్లో పోసి ఇచ్చే గహ్వానే. ఆ రోజుల్లో ఖహ్వా అంటే ద్రాక్షసారా. పదిహేనో శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా కాఫీ తాగడం మొదలుపెట్టాక ఆ పాత పేరు కాఫీకి అతుక్కుపోయింది. ఇప్పుడు ఏలకులు వేసిన చేదు గహ్వా పక్కన తియ్యటి ఖర్జూరం పెడతారు. చేదుకు తీపి తోడు. రుచులు జోడించే ఆ పాత తెలివి ఎక్కడికీ పోలేదు, కప్పులో సరుకు మాత్రం మారింది. ఈ అరబ్ కాఫీ మర్యాదను 2015లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

సారా సంగతికొస్తే, సౌదీలో పూర్తి నిషేధం 1952 నుంచి ఉంది. 1951లో జెద్దాలో తాగిన మత్తులో ఒక యువరాజు బ్రిటిష్ దౌత్య ఉద్యోగిని కాల్చి చంపిన తర్వాత అబ్దుల్ అజీజ్ రాజు ఆ నిర్ణయం తీసుకున్నాడు. 2024లో రియాద్ దౌత్య కార్యాలయాల ప్రాంతంలో ముస్లిమేతర దౌత్యవేత్తల కోసం ఒక దుకాణం తెరిచారు. దాన్ని చూసి మనకు కూడా సడలింపు వచ్చిందని ఎవరైనా చెబితే నమ్మకండి. క్యాంపుల్లో దొంగచాటుగా కాచే సారాకు సిద్దీఖీ అని ముద్దుపేరు ఉంది. నా స్నేహితుడు అన్న మాట నుంచి వచ్చిందది. ఆ స్నేహితుడి వల్ల కళ్ళు పోయేదీ, ప్రాణం పోయేదీ, లేకపోతే జైలుకెళ్ళి, చేసిన అప్పు తీరకుండానే ఇంటికి పంపించేసేదీ తాగినవాణ్ణే. ఆషా కాలంలో ఒక కుండకు ఒంటె పోయేది. ఇప్పుడు ఒక సీసాకు ఇఖామా పోతుంది.

కానీ ఆషా కథలో మనకు అసలు తగిలేది సారా కాదు. వాయిదా. మనలో ఎంతమందిమి ఈ ఒక్క ఏడాది అనుకుని ఇఖామా రెన్యువల్ చేయించుకోలేదు? ఇల్లు స్లాబు పడ్డాక, చిన్నదాని చదువు అయ్యాక, అప్పులో ఈ చివరి లక్ష తీరాక... ప్రతి ఏడాదికీ ఒక మంచి కారణం ఉంటుంది. వంద ఒంటెలంత మంచి కారణం. ఆషా వేసుకున్న లెక్కలో కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తనకు ఇంకో ఏడాది ఉందనుకోవడం ఒక్కటే తప్పు. ఇంటికి పోయి అమ్మ చేతి గోంగూర మాంసం తిందామనుకుంటూ ఏళ్ళు గడిపి, అమ్మ పోయాక విమానం ఎక్కినవాళ్ళు మన గదుల్లోనే ఉన్నారు. అలాగని ఉన్న పళంగా పని వదిలేసి పొమ్మని మేము చెప్పడం లేదు. అప్పు ఉన్నవాడి కష్టం అప్పు ఉన్నవాడికే తెలుసు. ఏడాది కలుపుకునే ముందు, ఆ ఏడాదిలో ఇంటి దగ్గర ఏం జారిపోతుందో కూడా ఒకసారి లెక్క వేసుకుంటే చాలు.

ఈ శుక్రవారం సరుకులకో, స్నేహితుల గదికో మన్‌ఫూహా వైపు వెళ్తే షారె అల్ ఆషా బోర్డు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అటునుంచి ఇంటికి ఒక ఫోను కూడా చేయండి.